ఎల్డన్ ఫర్బర్ట్ నెబ్రాస్కావాడైన వైనం

ఎల్డన్ ఫర్బర్ట్‌కి ఈత రాదు. ఎటు చూసినా సముద్రమే కనిపించే బెర్ముడాలో పుట్టి, అక్కడే జుట్టు నెరిసి, రోజూ టాక్సీలో జనాన్ని ఈ బీచ్ నుంచి ఆ బీచ్‌కి చేరవేసే మనిషికి ఈత రాదంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మరనే ధైర్యంతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

నెట్టుకురావడం పెద్ద కష్టమేమీ కాలేదు. మే ఇరవై నాలుగున బెర్ముడా దినం. ఆ రోజు రాకుండా ఆ దీవిలో పుట్టినవాడెవడూ సముద్రంలో దిగడు. ఏప్రిల్‌లో నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నా సరే, ఇరవై నాలుగుకి ముందు దిగేది టూరిస్టులూ పిచ్చివాళ్లూ మాత్రమే. ఆ ఇద్దరికీ తేడా ఉందని కూడా అక్కడ అందరూ ఒప్పుకోరు. ఆ విధంగా ఎల్డన్‌కి సగం సంవత్సరం ఆచారమే గడిపి పెట్టేది. మిగతా సగానికి అతని దగ్గర వేరే సరుకు ఉండేది. జూన్‌లో నడుం నొప్పి. జూలైలో చెవి పోటు. ఆగస్టులో ఎప్పుడు పిలిచినా "ఇప్పుడే తిన్నాను." సెప్టెంబరులో తుఫాను భయం. అక్టోబరు వచ్చేసరికి ఇక అడిగేవాడే ఉండేవాడు కాదు.

అలా హాయిగా సాగిపోతున్న మనిషి ఆ ఏడు ఏప్రిల్‌లో చర్చి వాళ్ల చేపల వేపుడు విందులో నోరు జారాడు.

ఆ విందులో పక్క కుర్చీలో వెర్లీన్ బాస్కమ్ కూర్చుంది. హామిల్టన్‌లో బట్టల కొట్టు నడుపుతుంది. మొగుణ్ణి వదిలేసి చాలా ఏళ్లయింది. ఎల్డన్ భార్య పోయి కూడా అంతే కాలం అయింది. వెర్లీన్ నవ్వితే ఎల్డన్‌కి స్టీరింగ్ పట్టుకున్న చేతులు కూడా వణికేవి. అందుకే ఆవిణ్ణి కొట్టు దగ్గర దింపేటప్పుడు బండి పూర్తిగా ఆగాకే జోకు వేసేవాడు.

ఆ రోజు వెర్లీన్ చేప ముక్క తుంపుకుంటూ, "నీళ్లలో పడ్డానంటే నాకు లోకం గుర్తుండదు, ఎల్డన్," అంది.

"నాకూ అంతే," అన్నాడు ఎల్డన్. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. "కుర్రతనంలో స్పానిష్ పాయింట్ నుంచి డాక్‌యార్డ్ దాకా ఈదేవాణ్ణి."

"అంత దూరమా!"

"వెళ్లడమే కాదు, రావడం కూడా ఈతే."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఇతనిది అతకడం మాట దేవుడెరుగు, దాని మధ్యలోంచి ఓ ఓడ వెళ్లిపోవచ్చు. పైగా అదే నోటితో, అదే విందులో, చెయ్యికంటిన నూనె తుడుచుకోకుండానే "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని కూడా అడిగేశాడు.

వెర్లీన్ చేప ముక్క పళ్లెంలో పెట్టేసింది. "నా సంగతి నీకు తెలుసుగా. పదహారేళ్లు ఓ అబద్ధాలకోరుతో కాపురం చేశాను. వాడు నిద్రలో కూడా అబద్ధాలే కలవరించేవాడు. ఇంకోడితో వేగే ఓపిక నాకు లేదు. మే ఇరవై నాలుగున వార్విక్ లాంగ్ బే బీచ్‌కి రా. ఈ ఏటి మొదటి ఈత ఇద్దరం కలిసి ఈదుదాం. అక్కడే చెబుతాను నా జవాబు."

ఆ పూట నుంచి ఎల్డన్‌కి అన్నం సహించలేదు. నిజం చెబితే వెర్లీన్ పోతుంది. చెప్పకపోతే ఇరవై నాలుగున నీళ్లలో తనే పోతాడు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగి నలిగి, చివరికి మూడో దారి కనిపెట్టాడు. ఈలోగా ఈత నేర్చేసుకుంటే అబద్ధం కాస్తా నిజమైపోతుంది కదా!

హోటళ్లలో ఈత కొలనులున్నాయి గానీ, ప్రతి హోటల్ గుమ్మం దగ్గరా నిలబడేవాడు ఎల్డన్‌కి చిన్నప్పటి దోస్తే. ఇక మిగిలింది సముద్రం. ఏప్రిల్ నెలలో సముద్రంలో దిగిన ఎల్డన్ ఫర్బర్ట్‌ని ఎవరైనా చూస్తే, మధ్యాహ్నం భోజనాల వేళకి వార్త దీవి చివరిదాకా పాకి, అక్కణ్ణుంచి వెర్లీన్ కొట్టుకి తిరిగొస్తుంది. అప్పుడు దిగేది టూరిస్టులొక్కరే. కాబట్టి టూరిస్టైపోతే సరి.

దానికి కావలసిన సరంజామా అంతా టాక్సీ డిక్కీలోనే ఉంది. ప్రయాణికులు మర్చిపోయినవన్నీ ఏళ్ల తరబడి దాచిపెట్టిన డిక్కీ అది. చిలకలున్న చొక్కా, గొడుగంత గడ్డి టోపీ, నల్ల కళ్లద్దాలు, రీలు లేని కెమెరా, ముక్కుకి రాసుకునే తెల్ల క్రీము, పిల్లలు నడుముకి తగిలించుకునే బాతు బొమ్మ ట్యూబు. అన్నీ తగిలించుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అక్కడి పెద్దమనుషులందరిలాగే ఇస్త్రీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు లేకుండా ఎల్డన్ ఏనాడూ గడప దాటలేదు. ఇప్పుడు ఆ మేజోళ్లు తీసేస్తే అతని పిక్కలు అతనికే కొత్తగా కనిపించాయి.

వేషం బాగానే కుదిరింది. నోటితోనే వచ్చింది చిక్కు. బెర్ముడాలో ఎవరైనా ఎదురుపడితే ముందు గుడ్ మార్నింగ్ చెప్పి తీరాలి. బస్సెక్కినా, కొట్లోకి వెళ్లినా, డాక్టరు దగ్గరికి వెళ్లినా అంతే. ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి వచ్చినవాడైనా ముందు గుడ్ మార్నింగ్ అనాల్సిందే. లేకపోతే కాలనిస్తారు. టూరిస్టు మాత్రం ఎదురుపడగానే "బస్సు ఎక్కడ ఆగుతుంది?" అంటాడు. అందుకని ఎల్డన్ రోజూ పొద్దున అద్దంలో తనకి తనే ఎదురుపడి, పలకరించకుండా పక్కకి తప్పుకోవడం సాధన చేశాడు. మొదటి రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొదట హార్స్‌షూ బేకి వెళ్లాడు. టూరిస్టులు కిక్కిరిసి ఉండే బీచ్ కాబట్టి తనని ఎవరూ పట్టించుకోరనుకున్నాడు. తన టాక్సీని దూరంగా చర్చి వెనక దాచి, ఇసుకలో పది అడుగులు వేశాడో లేదో, "టాక్సీ కావాలా సార్?" అని వినిపించింది. పీత గ్లాడ్విన్! ఎల్డన్‌తో పాటు పాతికేళ్లుగా టాక్సీ తోలుతున్నవాడు. బండిని పక్కకి పోనిస్తాడే తప్ప తిన్నగా పోనివ్వడు కనక ఆ పేరొచ్చింది.

ఎల్డన్ ముక్కుతో మాట్లాడాడు. "వద్దు. నేను ఈదాలి."

"ఇక్కడ జనం ఎక్కువ సార్. ఎల్బో బీచ్‌లో దించుతాను రండి. ఏ ఊరు సార్ మీది?"

సముద్రానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిదనిపించింది ఎల్డన్‌కి. "నెబ్రాస్కా," అన్నాడు.

పీత అప్పటికే చెయ్యి పట్టుకుని బండెక్కించేశాడు. అక్కణ్ణుంచి దారంతా ఎల్డన్ పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

"ఈ ఇళ్ల కప్పులు తెల్లగా ఎందుకున్నాయో తెలుసా సార్? పైన పోయే పక్షులకి దారి తెలియడానికి."

వాన నీళ్లు పట్టుకోడానికిరా వెధవా అని ఎల్డన్ నాలుక చివరిదాకా వచ్చింది. కెమెరా కొరుక్కుంటూ కూర్చున్నాడు.

"ఆ లైట్‌హౌస్ చూశారా? మా తాత ఒక్కడే కట్టాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం, ఊసుపోక. ఇంకో మాట సార్, మా వాళ్లలో ఎల్డన్ అని ఓ డ్రైవరున్నాడు. పొరపాటున కూడా వాడి బండెక్కకండి. పాటలు పాడతాడు. ఈ మధ్య ఒకావిడ వెనక పడ్డాడు పాపం. ఆవిడేమో బంగారం. వీడేమో తుప్పు పట్టిన బకెట్టు."

ఎల్డన్ ఇక తట్టుకోలేకపోయాడు. "ఆ ఎల్డన్ చాలా మంచివాడని విన్నానే!"

"ఎవరు చెప్పారు సార్?"

"నెబ్రాస్కాలో... చెప్పుకుంటున్నారు."

ఎల్బో బీచ్ వచ్చేదాకా పీత భుజాలు అదో మాదిరిగా ఊగుతూనే ఉన్నాయి. రోడ్డు బాగోలేదేమో అనుకున్నాడు ఎల్డన్.

అక్కడ దించి ఊరుకున్నాడా? లేదు. ఇసుకలో పడుకున్న ఓ ముసలి జంట దగ్గరికి తీసుకెళ్లి, "వీళ్లూ నెబ్రాస్కా వాళ్లే సార్, పొద్దున్న నా బండిలోనే వచ్చారు. అమ్మా, మీ ఊరాయనే వచ్చాడు, మాట్లాడుకోండి!" అని అప్పజెప్పి వెళ్లిపోయాడు.

ఆవిడ సంబరంగా లేచి కూర్చుంది. "నెబ్రాస్కాలో ఎక్కడండీ?"

"మధ్యలో."

"మావారిది మొక్కజొన్న. మీరేం పండిస్తారు?"

"చేపలు," అన్నాడు ఎల్డన్.

అని, ఇద్దరూ మొహమొహాలు చూసుకునేలోపు బాతుని చంకలో పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

మర్నాడు షెల్లీ బేకి వెళ్తే అక్కడ మేనల్లుడు పడవకి రంగు వేస్తున్నాడు. ఆ మర్నాడు చర్చ్ బేలో ఏకంగా పాస్టరుగారే గాలం వేసుకుని కూర్చున్నారు. గంటలో ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లిపోయే దీవి అది, తెలియని మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తాడు? తిరిగి తిరిగి చివరికి జాబ్సన్స్ కోవ్ చేరాడు. చుట్టూ రాళ్లు గోడలా ఉండి, మధ్యలో గిన్నెలో పోసినట్టు నీళ్లుండే చిన్న చోటు. పొద్దున పూట ఎవరూ ఉండరు.

ఆ రోజు మాత్రం ఒకరున్నారు. మడత కుర్చీలో, నల్ల గొడుగు కింద, చేతులకి తెల్ల గ్లౌజులు తొడుక్కుని మిస్ ఆల్తియా. వెర్లీన్‌కి సొంత మేనత్త, ఎనభై దాటిన మనిషి.

ఎల్డన్ టోపీ కిందికి లాగి, ముందుకి నడిచాడు. పలకరించలేదు. నాలుగడుగులు వేసేసరికి వీపు మండడం మొదలైంది. పెద్దావిడ ఎదురుగా కూర్చుని ఉంటే నోరు మూసుకుని పోవడమా? పోయిన తల్లి సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొడుతుందనిపించింది. నీళ్ల అంచు దాకా వెళ్లాడు. ఒక కాలు నీళ్లలో పెట్టాడు. ఇక లాభం లేదు. గిర్రున వెనక్కి తిరిగి, టోపీ తీసి, నడుం వంచి, "గుడ్ మార్నింగ్, మిస్ ఆల్తియా!" అన్నాడు.

పేరుతో సహా!

"గుడ్ మార్నింగ్, ఎల్డన్," అందావిడ. "నీ పిక్కలు అచ్చం మీ నాన్నవేరా. ఆ బాతు ఎవరిది?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమే విన్నాం. ఇతను గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని తిన్నగా పోలీసు స్టేషనుకే నడిచి వెళ్లాడు. ఎల్డన్ ఇసుకలో కూలబడి మొత్తం కక్కేశాడు. డాక్‌యార్డ్ కోత, వెర్లీన్ మాట, నెబ్రాస్కా, చేపల సాగు, అన్నీ.

"వెర్లీన్‌కి చెప్పేస్తే పోయేదానికి ఇంత భాగోతమేమిటిరా?" అంది మిస్ ఆల్తియా.

"చెబితే పోయేది నేనండీ. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆవిడకి మాత్రం చెప్పకండి."

"కాళ్లు వదులు. రోజూ పొద్దున నాకో చేప శాండ్‌విచ్ పట్టుకురా. కిస్‌మిస్ బ్రెడ్డులో పెట్టించాలి, కారం దండిగా వేయించాలి. అప్పుడు నా నోరు తినడానికే సరిపోతుంది. అయినా అలా దిగితే నువ్వు మునగడం తప్ప ఏమీ నేర్చుకోవు. నేను చెప్పినట్టు చెయ్యి."

అలా మొదలైంది చదువు. ఆవిడ కుర్చీలోంచి లేచేది కాదు. గొడుగు మడిచి బెత్తంలా పట్టుకుని ఒడ్డు నుంచే కేకలు వేసేది.

"చెయ్యి! ఇప్పుడు ఇంకో చెయ్యి! కాళ్లు రెండూ నీవేనా, ఒకటి అద్దెకి తెచ్చావా? దాన్నీ ఆడించు! ఒరే అబ్బాయ్, నీళ్లని కొట్టకు, అవి నిన్నేమన్నాయి? తల వెనక్కి వాల్చు. వాల్చమంటే మింగుతావేమిటి?"

మొదటి వారం ఎల్డన్ తాగిన నీళ్లకి సముద్రం ఓ వేలెడు తగ్గి ఉంటుంది. రెండో వారంలో ఒక పొద్దున బాతు జారిపోయింది, అతను మాత్రం మునగలేదు. వెల్లకిలా తేలుతున్నాడు. చెవుల నిండా నీళ్లు, కళ్ల నిండా ఆకాశం. ఇన్నేళ్లూ దీన్ని తప్పించుకోడానికా నడుం నొప్పులూ చెవి పోట్లూ కనిపెట్టింది అనుకుంటే తనమీద తనకే జాలేసింది. మే సగమయ్యేసరికి రాయి నుంచి రాయి దాకా కుక్కపిల్లలా ఈదగలిగాడు.

"మీరెక్కడ నేర్చుకున్నారండీ ఇంత బాగా?" అని అడిగాడు ఆ రోజు, నీళ్లలోంచే.

"నేనా?" శాండ్‌విచ్ నములుతూ అంది మిస్ ఆల్తియా. "నేనెప్పుడూ దిగలేదు. జుట్టు పాడైపోతుంది. ఎనభై ఏళ్లుగా దిగినవాళ్లని చూస్తున్నాను, చాలదూ?"

అది విని ఎల్డన్ నేర్చుకున్న ఈత మొత్తం మర్చిపోయి బుడుంగున మునిగాడు.

ఇరవై నాలుగు రానే వచ్చింది. హామిల్టన్‌లో ఊరేగింపు అయ్యాక దీవి దీవంతా బీచ్‌ల మీద పడింది. వార్విక్ లాంగ్ బే గులాబీ రంగు ఇసుకలో ఎక్కడ చూసినా డేరాలు, పాటలు, అల్లం బీరు సీసాలు. మిస్ ఆల్తియా తన కుర్చీలో తను వెలిగిపోతోంది. పీత గ్లాడ్విన్ దూరం నుంచి ఎల్డన్‌ని చూసి, ఎందుకో గానీ టోపీ తీసి వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

వెర్లీన్ నీలం ఈత దుస్తుల్లో, జుట్టు నీలం రబ్బరు టోపీలో దాచుకుని వచ్చింది. వస్తూనే తన తువ్వాలు ఎల్డన్ చేతిలో పెట్టింది.

"నడుం ఎలా ఉంది?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉంది."

"చెవి పోటు?"

"అస్సలు లేదు."

"పోనీ, ఇప్పుడే ఏమైనా తిన్నావా?"

"పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు!"

వెర్లీన్ ఇంకా ఏదో వినాలన్నట్టు అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎల్డన్ అదేమీ గమనించే స్థితిలో లేడు. తువ్వాలు మిస్ ఆల్తియా ఒళ్లో పడేసి, "ఓయ్!" అని అరుచుకుంటూ పరిగెత్తి అలల్లో దూకాడు. చెయ్యి, ఇంకో చెయ్యి, అద్దె కాలు, సొంత కాలు. ఇరవై బారలు వేసి, రొప్పుతూ లేచి, నడుం లోతు నీళ్లలో విజేతలా నిలబడ్డాడు.

వెర్లీన్ నీళ్లలో నడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో సంతోషం లేదు.

"నీకు ఈత వచ్చా?" అంది మెల్లగా.

"చూశావుగా!"

"అయితే డాక్‌యార్డ్ సంగతి నిజమేనన్నమాట. నేను నమ్మలేదు, ఎల్డన్. కోతలు కోస్తున్నావనుకున్నాను. ఇన్నాళ్లూ నిన్ను మనసులో అబద్ధాలకోరుగానే లెక్కేసుకున్నాను. నాదే తప్పు. ఏమీ అనుకోకు."

ఎల్డన్ చేయాల్సింది ఇంకేమీ లేదు. "ఫర్వాలేదులే" అంటే చాలు. అబద్ధం అతికిపోయింది, మచ్చ కూడా కనబడటం లేదు. పైగా ఆవిడే తప్పు తనదంటోంది. నోరు తెరిచాడు. వెర్లీన్ తల దించుకుని ఉంది. ఏ తప్పూ చెయ్యని మనిషి తన ముందు అలా తల దించుకుంటే ఎల్డన్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"వెర్లీన్, నాకు ఈత వచ్చి రెండు వారాలు కూడా కాలేదు," అన్నాడు. మెల్లగా అనబోయింది కాస్తా కేకైపోయింది. చుట్టుపక్కల పాటలు ఆగాయి. "డాక్‌యార్డ్‌కి నేను ఈదలేదు. స్టీమరెక్కి వెళ్లాను. అది కూడా దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ. నీకు నచ్చాలని కోశాను. కోసింది నిజం చేద్దామని దొంగతనంగా నేర్చుకున్నాను. తప్పు నాది, నీది కాదు. ఇక నీ ఇష్టం."

వెర్లీన్ తలెత్తింది. రెండు చేతుల్తో నీళ్లు ఎత్తి ఫెడీమని అతని మొహాన కొట్టింది.

"నీకు ఈత రాదని ఈ దీవిలో కుక్కపిల్లకి కూడా తెలుసు, మొద్దూ! నాకు తెలియదనుకున్నావా? ఇవాళ ఒడ్డున నిలబడి 'నాకు రాదు వెర్లీన్' అంటావని, అనగానే సరేనందామని ఎదురు చూశాను. నడుం అడిగాను, చెవి అడిగాను, తిండి కూడా అడిగాను. ఎన్ని తలుపులు తెరిచాను నీకు! నువ్వేమో ఆంబోతులా దూకావు."

"మరి ఈతంటే నీకు ప్రాణమన్నావుగా?"

"నాకు ప్రాణం. నీకెందుకు? నా మొదటి మొగుడు పెద్ద ఈతగాడు. నేను నీళ్లలో కాలు పెడితే చాలు, పోటీకొచ్చేవాడు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా నా ఈత నన్ను ఈదనివ్వలేదు. నాకు ఇంకో ఈతగాడు అక్కర్లేదు. ఒడ్డున తువ్వాలు పట్టుకుని, నేనెక్కడున్నానో చూస్తూ ఉండే మనిషి కావాలి."

"అది నాకు వచ్చు," అన్నాడు ఎల్డన్ కళ్లు తుడుచుకుంటూ. ఉప్పు నీళ్లేనని అతను అన్నాడు గానీ, చూసినవాళ్లెవరూ ఒప్పుకోలేదు. "దానికి పాఠాలు కూడా అక్కర్లేదు."

"అయితే వెళ్లు."

వెళ్లాడు. మిస్ ఆల్తియా ఒళ్లోంచి తువ్వాలు తీసుకుని, నీళ్ల అంచున నిలబడ్డాడు. వెర్లీన్ ఒక్క మునక వేసి, రాళ్ల గుట్ట వైపు సాగిపోయింది. హడావుడి లేదు, పోటీ లేదు. చూస్తూ చూస్తూ నీలం టోపీ గుండీ అంత అయిపోయింది. ఎవరో అల్లం బీరు తెచ్చిచ్చారు, తాగలేదు. ఇంకెవరో కుర్చీ వేశారు, కూర్చోలేదు.

చాలాసేపటికి తిరిగొచ్చింది. పళ్లు టకటకలాడుతుంటే అతను తువ్వాలు విప్పి భుజాల చుట్టూ కప్పాడు.

"చూశావా?" అంది.

"చూశాను."

"మొత్తం?"

"మొత్తం. ఆ రాళ్ల దగ్గర ఓ అల అడ్డమొచ్చి నువ్వు కనబడలేదు. అప్పుడు మాత్రం నా ప్రాణం పోయింది."

వెర్లీన్ తువ్వాలు చివరతో మొహం తుడుచుకుని, కాసేపు తుడుచుకుంటూనే ఉండిపోయింది.

"పెళ్లి జూన్‌లో పెట్టుకుందాం," అంది.